హైస్కూలు గట్టు దాటేక: కాలేజీ చదువు బరువు ఎక్కడుంది?

మన పేటల్లో ఒక పిల్లాడు పదో తరగతి పాసయ్యేడంటే అది వీధి మొత్తానికి సంబంధించిన సంగతి. అదే పిల్లాడు రెండేళ్ల తర్వాత ఇంటర్ తప్పి హైదరాబాదుకో చెన్నైకో తాపీ పనికి వెళ్లిపోతే మటుకు అది ఆ ఒక్క ఇంటి సంగతే. "ఆడికి సదువు అబ్బనేదు" అని వీధి ఒక్క మాట అనేసి ఊరుకుంటుంది. కాలేజీ లెక్చరర్లు ఇదే మాటని కాస్త మర్యాదగా "బేసిక్స్ లేవండీ" అంటారు. మాటలు వేరుగాని అర్థం ఒకటే. లోపం పిల్లాడి బుర్రలో ఉందని ఇద్దరూ ముందే తీర్మానించేసుకున్నారు. ఆ తీర్మానం నిలబడేదేనా అన్నది ఇక్కడ చూద్దాం.

రాజాం, సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలస మండలాల్లో ఏటా వేసవిలో పదో తరగతి రాసిన పిల్లలు నాబోటి ముందు చదివినవాళ్ల దగ్గరకొచ్చి ఒకే ప్రశ్న అడుగుతారు: "అన్నా, కాలేజీ సదువు హైస్కూలు సదువు కంటే కష్టమా?" అవునంటే భయపడి వెనక్కి తగ్గుతారు. కాదంటే అబద్ధమవుతుంది. అసలు ఈ ప్రశ్నలో 'కష్టం' అన్న ఒక్క మాట కింద మూడు నాలుగు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీస్తే గాని జవాబు చెప్పలేం.

కాగితం మీద తేడా చూడండి. పదో తరగతిలో ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు. పాసవడానికి 35 రావాలి, హిందీలో 20 చాలు. ఇంటర్ రెండేళ్లకీ కలిపి 1000 మార్కులు, అక్కడా పాసు 35 శాతమే. డిగ్రీకొస్తే 40. అంటే హైస్కూలుకీ డిగ్రీకీ పాసు మార్కుల్లో తేడా అయిదు. ఈ అయిదు మార్కులు అంతమందిని మింగేస్తున్నాయంటే ఎవరు నమ్ముతారు?

పాఠం బరువెక్కదని కాదు. ఎక్కుతుంది. పదో తరగతి లెక్కల్లో త్రికోణమితి ఒక చిన్న అధ్యాయం. ఎమ్.పి.సి.లో చేరిన పిల్లాడికి మొన్నమొన్నటి వరకు మొదటి ఏడాదిలోనే లెక్కలు రెండు పేపర్లుగా ఉండేవి. ఒకదాంట్లో ప్రమేయాలు, మాత్రికలు, సదిశలు, త్రికోణమితి. రెండోదాంట్లో సరళరేఖలు, అవధులు, అవకలనం. ఒక్క ఏడాదిలో ఇన్ని కొత్త భావనలు మీద పడితే ఎవరికైనా ఊపిరాడదు. కాని గమనించండి, ఇది డాక్టరుగారబ్బాయికీ కష్టమే, కంబారి కొడుక్కీ కష్టమే. అవకలనానికి కులం లేదు. ఇద్దరూ ఒకే మెట్టు ఎక్కుతున్నప్పుడు ఒకడు ఎక్కి, ఇంకొకడు జారిపోతున్నాడంటే కారణం మెట్టులో వెతికితే దొరకదు. ఆ మెట్టు దగ్గర ఎవడికి ఏ చెయ్యి అందుతోంది అన్నది చూడాలి.

ముందు హైస్కూలు ఏం చేస్తుందో చూద్దాం. ఇది మనం సాధారణంగా లెక్కపెట్టం. పుస్తకాలు ప్రభుత్వమే ఇస్తుంది. సిలబస్ మొత్తం ఆ పుస్తకాల్లోనే ఉంటుంది, బయట ఎక్కడా వెతకక్కర్లేదు. మధ్యాహ్నం అన్నం పెడతారు. రెండ్రోజులు రాకపోతే మేష్టారు పక్కింటి పిల్లాడి చేత కబురు పంపుతారు, లేదా తానే పేటకొస్తారు. పరీక్ష ఫీజు ఎప్పుడు కట్టాలో, పేరు స్పెల్లింగు ఎలా ఉండాలో, పుట్టిన తేదీ ఏం వెయ్యాలో అంతా హెడ్మాస్టరు ఆఫీసులో వాళ్లే చూసుకుంటారు. హాల్ టిక్కెట్టు పిల్లాడి చేతికొచ్చేదాకా వెనకాల ఎంత పని జరిగిందో వాడికి తెలీదు, ఇంట్లోవాళ్లకీ తెలీదు. చదువొక్కటే వాడి పని. మిగతాదంతా ఇంకెవరో మోస్తున్నారు.

హైస్కూలు స్వర్గమని అనడం లేదు. స్కాలర్‌షిప్పు ఫారాల కోసం "ఎస్సీ పిల్లలు లేవండి" అంటే క్లాసు మధ్యలో లేచి నిలబడ్డవాళ్లం మనం. ఆ నిలబడ్డంలో ఏముందో లేచినవాడికి తెలుసు, కూర్చున్నవాడికి తెలీదు. పొద్దున్న చోడంబలి తాగి మూడు నాలుగు కిలోమీటర్లు నడిచొచ్చిన పిల్లలకి మొదటి పీరియడు ఎలా ఉంటుందో కూడా తెలుసు. అయినా అది మనకి తెలిసిన కష్టం. ఊళ్లో బుగతల వీధికీ మన పేటకీ మధ్య ఎలా మసలుకోవాలో చిన్నప్పట్నించి చూసిన పిల్లాడు హైస్కూల్లోనూ అలాగే మసలుకోగలడు. కాలేజీలో కనిపించేవి కొత్త రూపాలు. వాటిని గురించి చెప్పడానికి ఇంట్లో ఒక్కరూ ఉండరు. అయ్య అక్కడిదాకా పోలేదు, అమ్మ అసలు బడి మొహం చూళ్లేదు. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా అక్షరాస్యత 58.89 శాతం, శ్రీకాకుళానిది 61.74. అప్పట్లో రాజాం శ్రీకాకుళంలో ఉండేది, 2022 ఏప్రిల్లో జిల్లాలు చీల్చినప్పుడు విజయనగరంలోకి వచ్చింది. ఏ జిల్లాలో ఉన్నా మన తరానికి ముందు తరం వేలిముద్రల తరమే.

కాలేజీ గేటు దాటగానే హైస్కూలు మోసిన బరువంతా ఒక్కసారిగా పిల్లాడి నెత్తిన పడుతుంది. దానికి అన్నం నుంచే మొదలు. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో మధ్యాహ్న భోజనం ఇప్పుడున్న పథకం కింద మొదలైంది 2025 జనవరి 4న. నా రోజుల్లో పదో తరగతి పిల్లాడికి ఆకలేస్తుందిగాని ఇంటర్ పిల్లాడికి వెయ్యదన్నట్టే ఉండేది వ్యవహారం. నాతో చేరినవాళ్లలో సగం మంది మధ్యాహ్నం బస్సుకి ఇంటికెళ్లి తిరిగి వచ్చేవాళ్లు కాదు. మధ్యాహ్నం జరిగే క్లాసులు, ల్యాబులు అలా పోయేవి. మార్కుల కాగితం మీద అది 'కెమిస్ట్రీలో వీకు' అని కనపడుతుంది.

ఇప్పుడు భాష సంగతి. దీని గురించి మనవాళ్లు చాలా రాసేరు, కాని ఎక్కువగా గౌరవం గురించీ ఉద్యోగాల గురించీ రాసేరు. క్లాసు బల్ల మీద అసలు ఏం జరుగుతుందో చెప్తాను. తెలుగు మీడియంలో చదివిన పిల్లాడికి త్వరణం అంటే తెలుసు. ద్రవ్యవేగం తెలుసు. కిరణజన్య సంయోగక్రియ బొమ్మ గీసి భాగాలు గుర్తించగలడు. వాడు ఇంగ్లీషు మీడియం కాలేజీలో కూర్చుంటాడు. లెక్చరరు 'యాక్సిలరేషన్' అంటాడు, 'మొమెంటమ్' అంటాడు, 'ఫోటోసింథసిస్' అంటాడు. పిల్లాడికి ఇవేవో కొత్త పాఠాలనిపిస్తాయి. తనకి తెలిసినవే పేరు మార్చుకొని వచ్చేయని వాడికి ఎవరూ చెప్పరు. పాఠం అయ్యేక "డౌట్సున్నాయా?" అని అడుగుతారు. డౌటు అడగాలంటే ముందు ఏది తెలీలేదో తెలియాలి. దాన్ని ఇంగ్లీషులో అడగాలి. వెనక బల్లలో ఎవరూ నవ్వకుండా అడగాలి. ఈ మూడూ దాటి చెయ్యెత్తిన మన పిల్లల్ని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

అంటే ఇక్కడ జరుగుతున్నది ఏమిటి? పిల్లాడు అయిదేళ్లు కూడబెట్టుకున్న చదువు ఒక్క జూన్ నెలలో చెల్లని నోటయిపోతోంది. 'బేసిక్స్ లేవు' అనేవాళ్లు ఈ తేడా గమనించరు. బేసిక్స్ ఉన్నాయి. అవి వేరే సంచిలో ఉన్నాయి.

1968లో తెలుగు అకాడమి పెట్టినప్పుడు ఉద్దేశం ఈ గండి పూడ్చడమే. ఇంటర్, డిగ్రీ పుస్తకాలు తెలుగులో వచ్చేయి, వాటి మీద చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు మన పేటల్లో ఉన్నారు. కాని ఇంజనీరింగుకి, మెడిసిన్‌కి, మంచి జీతమొచ్చే ఏ కోర్సుకీ ఆ దారి పోదు. రాజాంలో జి.ఎమ్.ఆర్. ఇంజనీరింగ్ కాలేజీ 1997లో వచ్చింది. అంతకుముందు ఇంజనీరింగంటే విశాఖపట్నమో ఇంకా దూరమో పోవాలి. కాలేజీ ఊళ్లోకొచ్చేక దూరం తగ్గింది, భాష దూరం తగ్గలేదు. తర్వాత 2021 జూన్‌లో ప్రభుత్వం 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోనే అని ప్రకటించింది. బి.ఏ. చరిత్ర చదివే పిల్లాడికి కూడా ఆ గండి వచ్చిపడింది.

ఇంగ్లీషు వద్దని నేను అనడం లేదు. 2019 నవంబరులో బడుల్లో ఇంగ్లీషు మీడియం జి.ఓ. ఇచ్చినప్పుడు, 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు మాతృభాష గురించి కన్నీళ్లు పెట్టుకున్న పెద్దమనుషుల పిల్లలు ఏ మీడియంలో చదివేరో అడగండి చాలు. మనకి ఇంగ్లీషు కావాలి. మనకి అక్కర్లేనిది పదో తరగతి దాకా ఒక ఒడ్డున ఉంచి, పదకొండో తరగతిలో అవతలి ఒడ్డున నిలబడి 'రా' అని పిలిచే పద్ధతి. 2020 తర్వాత బడి పుస్తకాలు ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఇంకో భాషగా అచ్చయ్యేయి. ఇది చాలా పనికొచ్చే ఏర్పాటు, దాని విలువ పొగిడేవాళ్లు గాని తిట్టేవాళ్లు గాని సరిగ్గా పట్టించుకోలేదని నా అభిప్రాయం. కాలేజీ మొదటి ఏడాదిలోనూ అలాంటి పుస్తకమే ఉంటే ఎంతమంది నిలబడతారో.

భాష తర్వాత కాలం. ఇది ఇంకా తక్కువ కనపడే సంగతి. హైస్కూల్లో ఏడాదికొకసారి పెద్ద పరీక్ష. ఫిబ్రవరి, మార్చిలో కూర్చుని బట్టీ పట్టి గట్టెక్కిన పిల్లలు మనలో చాలామంది ఉన్నారు, అదేం సిగ్గుపడే సంగతి కాదు. డిగ్రీలోనూ 2015-16 దాకా ఏడాది పరీక్షలే. తర్వాత సెమిస్టర్లు వచ్చేయి. ఆరు నెలలకొకసారి పరీక్ష, మధ్యలో ఇంటర్నల్స్, అసైన్‌మెంట్లు. దీనివల్ల చదువు బాగుపడుతుందని పైవాళ్ల వాదన. ఇంట్లో పని లేని పిల్లలకి అది నిజం కావచ్చు. మన ఇళ్లల్లో ఏడాదికి ఒక వరస ఉంది. జూలై, ఆగస్టుల్లో ఉడుపులు. నవంబరు, డిసెంబరుల్లో కోతలు, నూర్పులు. మధ్యలో గోగు కోసి, ఊరేసి, నార తీసే పని. జూట్ మిల్లు పనిలో ఉన్న ఇళ్లకైతే మిల్లు ఎప్పుడు మూసేస్తారో ఎప్పుడు తెరుస్తారో వాళ్లకే తెలీదు. ఉడుపుల కాలంలో ఇద్దరు మనుషుల కూలి పోగొట్టుకునే స్తోమతు ఏ ఇంటికుంది? ఏడాది పరీక్షలున్నప్పుడు జూలైలో పోయిన పాఠం ఫిబ్రవరిలో తిరిగి పట్టుకోవచ్చు. సెమిస్టర్లో అలా కుదరదు, మొదటి ఇంటర్నల్ పరీక్ష నాట్ల బురద ఆరకముందే వచ్చేస్తుంది.

దీనికి హాజరు లెక్క తోడు. ఇంజనీరింగులో జె.ఎన్.టి.యు. పద్ధతి ప్రకారం 75 శాతం హాజరుండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే 'కండోనేషన్' ఫీజు కట్టించుకొని వదిలేస్తారు. అంటే రానందుకు జరిమానా అన్నమాట. 65 కంటే తగ్గితే ఆ సెమిస్టరు మళ్లీ చదవాలి. సెమిస్టరు 90 పని దినాలనుకుంటే సెలవుకి దొరికేవి 22 రోజులు. ఉడుపులకి రెండు వారాలు, అమ్మకి జ్వరమొస్తే నాలుగు రోజులు, ఊళ్లో గ్రామదేవత పండగ, ఆధార్ కార్డులో పేరు తప్పు పడితే దాన్ని సరిచేయించుకోవడానికి రెండ్రోజులు. 22 అయిపోయేయి. హైస్కూల్లో మేష్టారు కబురు పంపేవారు. ఇక్కడ నోటీసు బోర్డు మీద ఒక నంబరు పడుతుంది, అంతే.

ఆధార్ అన్నాను గనక కాగితాల మాట. పదో తరగతి దాకా పిల్లాడి చేతికి కాగితమన్నది రాదు. ఆ తర్వాత కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు, స్టడీ సర్టిఫికెట్లు, టి.సి., బ్యాంకు ఖాతా, దానికి ఆధార్ లింకు. అన్నిటిలోనూ పేరు ఒక్కలాగే ఉండాలి. మన పేర్లు ఎప్పుడు ఒక్కలా రాసేరు గనక! ఇంటి పేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట అసలు లేదు. చదువుకున్న ఇంట్లో తండ్రి ఇదంతా ఆఫీసు పనిలో ఒక పనిగా ముగించేస్తాడు. మన ఇంట్లో పదిహేనేళ్ల పిల్లాడే తన కుటుంబానికి గుమాస్తా. తాసిల్దారు ఆఫీసు మెట్ల మీద వాడు గడిపిన గంటలు ఏ సిలబస్‌లోనూ లేవు, కాని వాటిలో తప్పితే చదువు మొత్తం తప్పినట్టే.

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు ఈ దేశంలో ఎస్సీ విద్యార్థులకి 1944లో మొదలయ్యింది. అంబేడ్కర్ వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడిగా ఉన్న కాలమది. అది లేకపోతే ఈ వ్యాసం రాయడానికి నేనుండను, చదవడానికి మీలో చాలామంది ఉండరు. కాని ఆ డబ్బు వచ్చే తీరు మారుతూనే ఉంది. ఒకప్పుడు కాలేజీకి వచ్చేది, తర్వాత విద్యా దీవెన పేరుతో తల్లి ఖాతాలో వెయ్యడం మొదలుపెట్టేరు. ఎలా వచ్చినా ఆలస్యంగానే వస్తుంది. వచ్చేదాకా ఎవరు ఆగాలి? నా సొంత అనుభవం చెప్తాను. నేను చదివిన ఒక కాలేజీలో కోర్సు పూర్తయ్యేక ప్రభుత్వం నుంచి ఫీజు రాలేదన్న సాకుతో నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏడు నెలలు ఇవ్వలేదు. ఆ ఏడు నెలల్లో రెండు ఉద్యోగ ప్రకటనల గడువులు దాటిపోయేయి. ఫస్ట్ క్లాసులో పాసయిన నేను ఇంటర్ తప్పిన నా స్నేహితుడితో కలిసి అదే తాపీ పనికి వెళ్లేను. ఇద్దరికీ కూలి ఒకటే ఇచ్చేరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు అట్టే పెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులో చెప్పింది. ఆ ఉత్తరువు సంగతి తెలిసిన విద్యార్థులెంతమంది? తెలిసినా దాన్ని పట్టుకొని ప్రిన్సిపాలు గదిలోకి వెళ్లగలిగేవాళ్లెంతమంది?

ఇక కులం. హైస్కూల్లో కులం పేరు పెట్టి పిలుస్తుంది, కాలేజీలో ర్యాంకు పేరు పెట్టుకొని వస్తుంది. "నీ ర్యాంకెంత?" అన్న ప్రశ్న మొదటి వారంలో హాస్టల్లో ఎన్నిసార్లు వినపడుతుందో లెక్కలేదు. అడిగేవాడికి కావలసింది ర్యాంకు కాదు. అది తెలిస్తే మిగతాది తెలిసిపోతుంది. ఇది మన ఊహ కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పరిస్థితి మీద తోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక హాస్టళ్లలో వాళ్లని విడిగా నెట్టెయ్యడం, పాఠం చెప్పడంలోను మార్కులివ్వడంలోను తేడాలు చూపడం గురించి వివరంగా రాసింది. దేశంలో అందరికంటే గట్టి పరీక్ష దాటినవాళ్ల సంగతే అలా ఉంటే రాజాం చుట్టుపక్కల చిన్న కాలేజీలో వెనక బల్లలో కూర్చున్న రెల్లి పిల్లాడి సంగతి చెప్పేదేముంది? రెల్లి, పైడి, దండాసి పిల్లలు కాలేజీలో ఒక్కరో ఇద్దరో. 'ఎస్సీ కోటా' అన్న మాటలో వాళ్లు మాల పిల్లల వెనక కూడా కనపడరు. మనలో మనం ఒప్పుకోవలసిన సంగతి ఇది. 2009 నుంచి రాజాం అసెంబ్లీ స్థానం ఎస్సీలకి రిజర్వు అయింది. సీటుకి పోటీ పడే పార్టీలు ఏ ఒక్కటీ మన పిల్లల్లో ఎంతమంది ఇంటర్ పూర్తి చేసేరో అడిగిన పాపాన పోలేదు.

ఆడపిల్లల లెక్క వేరు. వాళ్లకి కాలేజీని పుస్తకాలతో కొలవరు, ఏళ్లతో కొలుస్తారు. పదో తరగతికి పదిహేను, డిగ్రీ అయ్యేసరికి ఇరవై. ఆ అయిదేళ్లూ పెళ్లి మాట గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఒక్క సబ్జెక్టు తప్పితే మగపిల్లాడికి సప్లిమెంటరీ, ఆడపిల్లకి సంబంధం. రాజాంకి రైలు లేదు. బస్సే దిక్కు. సాయంత్రం ల్యాబు అయ్యేసరికి పల్లెవెలుగు వెళ్లిపోతే ఆ రాత్రి ఇంట్లో జరిగే గొడవకి మర్నాటి నుంచి ల్యాబే మానేసిన పిల్లలున్నారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేకుండా చేసేరు. అది మంచిదే. కాని ఆఖరి బస్సు ఎన్నింటికన్నది ఇంకా అలాగే ఉంది.

ఇంత కష్టమైతే పదో తరగతితో ఆపేసి పని నేర్చుకోవచ్చు గదా అని మన పెద్దలే కొందరంటారు. వాళ్లకి ఒక ఊరిపేరు గుర్తు చేస్తాను. వంగర మండలం లక్ష్మీపేట. 2012 జూన్ 12న అక్కడ అయిదుగురు దళితుల్ని చంపేరు. తగువు మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం తీసుకున్న భూమిని మనవాళ్లు సాగు చేసుకోవడం గురించి. మన ప్రాంతంలో భూమి కోసం నోరెత్తితే ఏమవుతుందో ఆ రోజు చూసేం. భూమి చేతికి రాని ఇంటికి ఎవరూ దున్నేసుకోలేని ఆస్తి ఏముంది, చదువు తప్ప? అందుకే మన ఇళ్లల్లో కాలేజీ సీటు పోతే పోయేది ఒక పిల్లాడి ముచ్చట కాదు.

ఫ్రాన్సులో బూర్ద్యూ, పాసెరాన్ అనే ఇద్దరు సమాజ శాస్త్రవేత్తలు 1964లో యూనివర్సిటీ విద్యార్థుల మీద ఒక పుస్తకం రాసేరు. దాని పేరుకి తెలుగు అర్థం 'వారసులు'. ఎలా మాట్లాడాలి, ఏ పుస్తకం పట్టుకోవాలి, ఎవరినేమడగాలి అన్న తెలివి కొందరికి ఇంట్లోనే వారసత్వంగా వస్తుందనీ, చదువుల వ్యవస్థ దాన్ని ప్రతిభ అని పిలుస్తుందనీ వాళ్ల వాదన. మనకి ఇది చెప్పడానికి ఫ్రాన్సు దాకా పోనక్కర్లేదు. అంబేడ్కర్ 1907లో మెట్రిక్ పాసయ్యేడు, 750కి 282 మార్కులు. అప్పటికి అదే గొప్పని కులంవాళ్లు సభ పెట్టేరు. ఆ సభ దగ్గరే కథ ముగిసిపోయేది. కేలూస్కర్ అనే మేష్టారు బరోడా మహారాజు దగ్గరికి దారి చూపించబట్టి నెలకి 25 రూపాయల సాయం వచ్చింది, 1912లో బి.ఏ. అయ్యేడు. అంతటి మేధావికీ పాఠం చెప్పే మనిషితోపాటు తలుపు ఎక్కడుందో చెప్పే మనిషి కావలసొచ్చింది.

అంబేడ్కర్ ఆ సంగతి మరిచిపోలేదు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచినప్పుడు తరగతులు పొద్దుట పూట పెట్టించేడు, ఉద్యోగాలు చేసుకునే పిల్లలు వచ్చి చదువుకొని పనికి పోవడానికి. పిల్లాడు కాలేజీకి సరిపోవాలని అందరూ అంటుంటే ఆయన కాలేజీని పిల్లాడికి సరిపెట్టేడు. మన జిల్లాల్లో ఏ కాలేజీ అయినా జూలై క్లాసుల వేళలు నాట్ల రోజులకి తగ్గట్టు మార్చిందా? నాకు కనపడలేదు.

కాబట్టి ఏటా అడిగే పిల్లలకి నేనిప్పుడు ఇలా చెప్తున్నాను: పాఠం ఒక మెట్టు కష్టం, అది నువ్వు ఎక్కగలవు. మిగతా కష్టం పాఠంలో లేదు, దాన్ని ఒక్కడివే మొయ్యకు. చేరిన రోజునే నీకంటే ముందు అక్కడ చదివిన మనవాడెవడో కనుక్కో. కాగితాలన్నీ నాలుగేసి కాపీలు తీసి అమ్మ పెట్టెలో ఒక సెట్టు పెట్టు. హాజరు ఎంతయిందో నెలాఖరుకి నువ్వే లెక్క వేసుకో, నోటీసు బోర్డు కోసం ఆగకు. లెక్చరరు చెప్పిన ఇంగ్లీషు మాట పక్కన నీకు తెలిసిన తెలుగు మాట రాసుకో.

ఈ చివరిదాన్ని మా పేట సామాజిక భవనంలో నలుగురం కలిసి రెండేళ్లుగా చేస్తున్నాం. పెద్ద సైజు నోటుబుక్కు, ఒక పక్క తెలుగు మాట, ఎదురుగా ఇంగ్లీషు మాట తెలుగు లిపిలోను ఇంగ్లీషు లిపిలోను, కింద ఒక చిన్న వాక్యం. పదో తరగతి పుస్తకాల్లోంచి తీస్తున్నాం. జీవశాస్త్రం అయిపోయింది, రసాయనం దాదాపు అయిపోయింది. భౌతికశాస్త్రంలో కాంతి దాకా వచ్చేం, విద్యుత్తు మిగిలింది. వేసవిలో ఇంటికొచ్చే ఇంజనీరింగు పిల్లలు రాస్తారు, పదో తరగతి పరీక్షలయిపోయిన పిల్లలు దాన్ని చూసి ఎక్కించుకుంటారు. కిందటి వేసవిలో తొమ్మిదిమంది ఎక్కించుకున్నారు.